ఇంట్లో ఎవరూ లేనందున

పాప గుడ్డలు రెండోసారి జాడించి బకెట్ ఒంపుతుంటే వెనకనుంచి కోడలు అంది, "మురుగు పనే కదా అత్తయ్యా. మానేస్తే మీకూ కాస్త విశ్రాంతి."

ఆ మాటలో చెడు ఉద్దేశం ఏమీ లేదు. ఒక చేత్తో పాపను భుజాన వేసుకుని, రెండో చేత్తో పాలసీసా మూత వెతుక్కుంటూ, సగం నిద్రలో అన్న మాట. నేను ఒంపిన నీళ్ళు తూములో సుడి తిరిగి కిందికి దిగిపోయాయి. అవి ఎటు వెళ్తాయో మా ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. వీధి చివర మలుపు తిరిగి, మార్కెట్ కింద పెద్ద గొట్టంలో కలిసి, రెండు మూడు గంటల్లో నేను పనిచేసే చోటికి చేరతాయి. నేను బస్సెక్కి ముందు వెళ్తాను, అవి నింపాదిగా నా వెనకాల వస్తాయి. గుడ్డలు ఆరేస్తున్నంతసేపూ ఆ "విశ్రాంతి" అన్న మాటే నా చెవిలో ఉంది. పాపను చూసుకోవడం విశ్రాంతి అని ఆ పిల్లకి ఎవరు చెప్పారో! ఆరు నెలలుగా ఆ విశ్రాంతి తనే తీసుకుంటోంది. తీసుకుని తీసుకుని కళ్ళ కింద నల్లగా అయిపోయింది.

కోడలు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. ప్రసవం సెలవు అయిపోవచ్చింది, సోమవారం చేరాలి. తనదీ నాలాగే పొద్దుటి డ్యూటీ, ఐదున్నరకల్లా ఇల్లు వదలాలి. మా అబ్బాయి బస్సు డిపోలో మెకానిక్. వాడిది మధ్యాహ్నం మూడింటి నుంచి రాత్రి పదకొండు దాకా. "పాపను ఎవరు చూస్తారు?" అన్న ప్రశ్న నెల రోజులుగా మా ఇంట్లో ఈగలా తిరుగుతోంది. ఒక ఆదివారం అబ్బాయి అన్నం తింటూ తింటూ దాన్ని ఒక్క దెబ్బకి కొట్టేశాడు.

"అమ్మ మానేస్తుందిలే."

నన్ను అడగలేదు. నా ఎదురుగానే, నా గురించి, ఇంకెవరికో చెప్తున్నట్టు చెప్పాడు. కోడలు నా వైపు చూసింది. నేను వాడి కంచం వైపు చూశాను, కూర అయిపోయిందేమోనని. అలవాటు అలాంటిది.

ఈ ఉద్యోగం నాకు నా భర్త చనిపోయినందుకు వచ్చింది. మురుగునీరు శుభ్రం చేసే ఆ ప్లాంటులో ఆయన పాతికేళ్ళు ఆపరేటర్‌గా చేశారు. చుట్టాలతో మాత్రం "నీళ్ళ శాఖ" అనేవారు. అక్కడ ఏం చేస్తారని నేనడిగితే "నీకెందుకవన్నీ, చెప్తే మాత్రం అర్థమవుతుందా" అనేవారు. నాకు అర్థం కావడానికి ఆయన చెప్పక్కర్లేదని ఆయనకి తెలీదు. పాతికేళ్ళు ఆ బట్టలు ఉతికింది నేను. కొన్నాళ్ళు వాటికి తడిసిన మట్టి వాసన ఉండేది, కొన్నాళ్ళు కుళ్ళిన గుడ్ల వాసన. మట్టి వాసన వచ్చిన వారం ఆయన రేడియో పెట్టుకునేవారు. గుడ్ల వాసన వచ్చిన వారం కంచం విసిరేవారు. సబ్బు పెట్టకముందే ఆ వారం నాకెలా గడుస్తుందో తెలిసిపోయేది. "వాడు ఎంత కంపు భరించి వస్తున్నాడో! నువ్వు హాయిగా నీడపట్టున ఉంటావు" అనేది మా అత్తగారు. నీడపట్టున కూర్చుని ఆ కంపంతా నేనే పిండేదాన్ని. ఆయన వచ్చేసరికి పెరట్లో వేడినీళ్ళు కాగి ఉండాలి. ఇప్పుడు అక్కడే పనిచేసి నేను ఇంటికొచ్చేసరికి తోమాల్సిన గిన్నెలు ఉంటాయి.

చేరిన రోజు కాగితం మీద వేలిముద్ర వేశాను. గుమాస్తా నా బొటనవేలి వైపు చూసి "గోడకి తుడవకమ్మా" అన్నాడు. గోడకి తుడిచే ఆలోచన నాకు లేదు. కానీ అన్నాక, నా చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలీక చాలాసేపు గాల్లోనే పట్టుకుని నిలబడ్డాను.

నా పని జాలీ దగ్గర. ఊరి మురుగంతా ముందు వచ్చి తగిలేది ఆ ఇనుప ఊచలకే. గుడ్డపీలికలు, జుట్టు ఉండలు, ప్లాస్టిక్ సంచులు, బొమ్మల చేతులు, ఒకసారి ఎవరివో కట్టుడు పళ్ళు. పళ్ళున్న పొడుగు కర్రతో లాగి తొట్లో వేస్తాను. "ఊరి గుట్టంతా నీ దగ్గరే ఉంది" అంటాడు మా షిఫ్టు ఆపరేటర్. ఆయన పని చేస్తున్నంతసేపూ ఈల వేస్తాడు కాబట్టి అందరం ఈలాయన అనే పిలుస్తాం. జాలీ దాటిన నీళ్ళు ఒక తొట్టిలో నెమ్మదించి ఇసుకను దించుకుంటాయి. ఆ తర్వాత గాలి ట్యాంకు. ఏవో మందులు కలిపి శుభ్రం చేస్తారని ఊళ్ళోవాళ్ళు అనుకుంటారు, నేనూ అలాగే అనుకునేదాన్ని. ఆ ట్యాంకులో కంటికి కనిపించని జీవాలు ఉంటాయి, కోట్లకొద్దీ. అడుగునుంచి గాలి పంపితే బతుకుతాయి, బతుకుతూ మురికిని తింటాయి. తిని బరువెక్కి పక్క ట్యాంకులో అడుక్కి దిగుతాయి, పైన తేటనీళ్ళు మిగులుతాయి. దిగినవాటిలో చాలావాటిని మళ్ళీ వెనక్కే పంపిస్తారు, కొత్త మురికి తినమని. ఆ సంగతి మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. వాటికీ నాలాగే, ఒక పూట వంట అయ్యేసరికి ఇంకో పూట. తేటనీళ్ళకి చివర్లో క్లోరిన్ తగిలించి నదిలోకి వదుల్తారు.

ఇవన్నీ నాకు చెప్పింది ల్యాబ్ మేడమ్. మా కోడలి వయసే ఉంటుంది. చేరిన నెలకి ఒకరోజు నేను గాలి ట్యాంకు కంచె దగ్గర నిలబడి బోర్డు వైపు చూస్తుంటే వచ్చి, "ఏం రాసుందో తెలుసా పెద్దమ్మా?" అంది. తెలీదన్నాను. "ప్రమాదం" అని చదివి, సుద్దముక్కతో నేల మీద అక్షరం అక్షరం విడదీసి రాసింది. అందరూ అ ఆలతో మొదలుపెడతారు. నేను యాభయ్యో ఏట ప్రమాదంతో మొదలుపెట్టాను. అన్నం వేళలో రోజూ ఒక అరగంట. ఏడాదిన్నరకి రిజిస్టర్‌లో నా గడి నేనే నింపుకునే రోజు వచ్చింది: చెత్త ఎన్ని తొట్లు, నీళ్ళ రంగు, వాసన. మొదటిరోజు నేను నిన్నటి పేజీ చూసి, ఒక్క గీత తేడా లేకుండా దించి, మెప్పు కోసం తీసుకెళ్ళాను. మేడమ్ దాని మీద అడ్డంగా గీత కొట్టింది.

"అందరూ చేసేది ఇదే పెద్దమ్మా, మీరు మాత్రం చెయ్యకండి. నిన్నటిది దించుకుంటూ పోతే ఇవాళ ట్యాంకు చచ్చినా మనకి తెలీదు. చూసింది రాయండి. చూడనిది రాయకండి."

ఆమే ఒకరోజు మైక్రోస్కోపులో రెండు చుక్కలు చూపించింది. ఒకటి లోపలికొచ్చే నీళ్ళది, ఒకటి బయటికెళ్ళే నీళ్ళది. మొదటి దానిలో సంతరోజు సందడి. రెండోది ఖాళీ వీధిలా ఉంది.

"ఈ మొదటివి తాగితే ఏమవుతుంది మేడమ్?"

"వాంతులు, విరేచనాలు. చిన్నపిల్లలైతే రెండు రోజులు కూడా తట్టుకోలేరు. బయటికెళ్ళేవి కూడా తాగే నీళ్ళు కావనుకోండి. కానీ మిగతాది నది చూసుకుంటుంది. నది మొయ్యగలిగినంతే మనం పంపిస్తాం."

మా పుట్టిల్లు ఇదే నదికి దిగువన. నా చిన్నప్పుడు ఈ ప్లాంటు లేదు. ఈ ఊరు కడుక్కున్నదంతా మా ఊరు తాగేది. మా తమ్ముడు నాలుగో ఏట అలాగే రెండు రోజుల్లో పోయాడు. "తల్లికి చూసుకోవడం చేతకాలేదు" అంది మా నాయనమ్మ. నాన్న కాదనలేదు. అమ్మ ముప్పై ఏళ్ళు ఆ మాట మోసి, మోసి, చివరికి అదే నిజమనుకుని పోయింది. బిందె తోమి, గుడ్డ కట్టి వడగట్టి మరీ పోసిన నీళ్ళవి. తప్పు బిందెలో లేదు, ఎగువన ఉంది. ఆ సంగతి తెలియడానికి నాకు యాభై రెండేళ్ళు పట్టింది. ఇప్పుడు మా ఊరి పిల్లలు అదే నీళ్ళలో ఈదుతున్నారని, రేవు దగ్గర మళ్ళీ చేపలు పడుతున్నాయని మా పిన్ని ఫోన్‌లో చెప్పింది. ఫోన్ పెట్టేశాక నేను జాలీ దగ్గరికి వెళ్ళి ఆ రోజు రెండు తొట్లు ఎక్కువ లాగాను.

ఇదంతా వదులుకోవాలి. శుక్రవారం డ్యూటీకి బయల్దేరుతూ అబ్బాయి, "ఆ రాజీనామా నేను టైపు చేయించి తెస్తాలే, నువ్వు వేలి..." అని నాలుక కరుచుకుని, "సంతకం పెట్టు చాలు" అన్నాడు. నేనే రాస్తానన్నాను. వాడు వెళ్ళాక, పాప పడుకున్నాక, వంటగది గట్టు మీద కాగితం పరుచుకున్నాను. నాలుగు కాగితాలు పాడుచేసి ఐదోది పూర్తిచేశాను. నా చేత్తో సొంతంగా నేను రాసిన మొదటి ఉత్తరం అది. చదువుకుంటుంటే బాధ సంగతి పక్కన పెట్టి ముందు గర్వంగా అనిపించింది, గీతలు ఎంత తిన్నగా వచ్చాయోనని.

కోడలు విశ్రాంతి గురించి మాట్లాడిన ఆ శనివారం పొద్దున్న, ఆ ఉత్తరం సంచిలో పెట్టుకునే పనికి వెళ్ళాను.

గాలి ట్యాంకు పక్కనుంచి నడుస్తుంటే ఏదో తేడాగా తోచింది. ట్యాంకంతా కుతకుతలాడుతోంది, లేత గోధుమరంగు నురుగు, మట్టి వాసన. అంతా బాగానే ఉంది. కానీ ఎడమ మూల కదలడం లేదు, మంట సరిగ్గా తగలని గిన్నెలో పాలు ఒకవైపే పొంగినట్టు. కంచె మీంచి వంగాను. కుళ్ళిన గుడ్ల వాసన. అది నాకు మా ఆయన చొక్కా కాలర్ల దగ్గర్నుంచీ తెలుసు.

"ఈలాయనా, ఎడమ మూల చచ్చిపోతోంది."

ఆయన ఈల మధ్యలో ఆపి "మీటరు బానే ఉందిగా" అన్నాడు.

"మీటరు కుడి మూల ఉంది."

ఆయన ఈల మళ్ళీ మొదలుపెట్టబోయి మానేసి, పరుగులాంటి నడకతో వచ్చి చూశాడు. ఆ మూలకి గాలి తీసుకెళ్ళే గొట్టం అతుకు దగ్గర ఊడిపోయింది. దాన్ని పట్టుకుని బిగించేసరికి పదకొండయింది. చేతులు కడుక్కుంటూ "రెండు రోజులు ఎవరూ చూడకపోతే సగం ట్యాంకు పోయేది. మళ్ళీ బతికించడానికి నెల. ఆ నెలంతా నదికి మురుగే" అన్నాడు. తర్వాత రిజిస్టర్ తీసి రాశాడు. నేను ఆయన భుజం మీంచి చదివాను. "ఆపరేటర్ గమనించి సరిచేయడమైనది."

"గమనించింది నేను" అన్నాను.

ఈలాయన తల గోక్కున్నాడు. "అలవాటులేమ్మా. ఇన్నేళ్ళుగా అలాగే రాస్తున్నా. ఇంతకుముందు వెనకనుంచి చదివేవాళ్ళు ఎవరూ లేరు." కొట్టేసి, "జాలీ దగ్గరి హెల్పర్ గమనించగా" అని మార్చాడు. మార్చి, "చాలా? పతకం కూడా కావాలా?" అన్నాడు. "పతకం వద్దు, టీ తెప్పించు" అన్నాను.

టీ తాగి ల్యాబ్‌కి వెళ్ళాను. మేడమ్ ఒక్కతే ఉంది. ఉత్తరం తీసి ఇచ్చాను. "తప్పులుంటే దిద్దండి మేడమ్. తర్వాత ఆఫీసులో ఇచ్చేస్తాను."

ఆమె నెమ్మదిగా, చివరిదాకా చదివింది. "ఒక్క అక్షరం తప్పు లేదు పెద్దమ్మా" అంది. అది ఎలాంటి ఉత్తరమో మర్చిపోయి నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. మధ్యలో ఒక వాక్యం మీద వేలు పెట్టి, "ఇది పైకి చదవండి" అంది.

చదివాను. "పసిపాపను చూసుకొనుటకు ఇంట్లో ఎవరూ లేనందున..."

"ఎవరూ లేరా?"

"లేరు మేడమ్. కోడలికి సోమవారం నుంచి డ్యూటీ."

"మీ అబ్బాయి?"

"వాడిది మధ్యాహ్నం డ్యూటీ. రెండున్నరకి బయల్దేరతాడు."

"మీరు ఇల్లు చేరేసరికి?"

"రెండుంపావు."

ఆమె కాగితం నా చేతిలో పెట్టి, గాజుగొట్టాలు కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది.

నేను ఆ వాక్యం మళ్ళీ చదివాను. పొద్దున్న ఐదున్నర నుంచి మధ్యాహ్నం రెండున్నర దాకా మా ఇంట్లో మంచం మీద ఒక మనిషి ఉంటాడు. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి, గుమ్మంలో తల వంచి నడిచేంత పొడుగు, బస్సు ఇంజను మొత్తం విప్పి మళ్ళీ బిగించగలవాడు, ఆ పాపకి తండ్రి. నెల రోజులు ఆ ప్రశ్న వాడి నెత్తి మీదే తిరిగింది. ఎవరు చూస్తారు, ఎవరు చూస్తారు అని మాతో పాటు వాడూ అడిగాడు. మమ్మల్ని మోసం చెయ్యడానికి కాదు, నిజంగానే వాడికి వాడు కనిపించలేదు. వాడి భార్యకి కనిపించలేదు. వాణ్ణి కన్నదాన్ని, నాకూ కనిపించలేదు. పైగా వాడి నిద్ర చెడుతుందని, పాప ఏడిస్తే మేమిద్దరం వంతులవారీగా పెరట్లో తిప్పేవాళ్ళం. ట్యాంకులో ఒక మూల చావబోతుంటే దూరం నుంచి చూసి పట్టుకున్న దాన్ని, మా ఇంటి మధ్యలో అడ్డంగా పడుకున్న మనిషిని చూడలేకపోయాను. ఇన్నాళ్ళకి చేతికి అక్షరాలొస్తే, నేను చేసిన పని నిన్నటి పేజీ దించడం. మా అత్తగారి పేజీ, మా నాయనమ్మ పేజీ. ఒక్క గీత తేడా లేకుండా.

"ఇది చెల్లదు మేడమ్" అన్నాను.

"ఏం?" అంది వెనక్కి తిరక్కుండానే.

"చూడనిది రాశాను."

కుళాయి కట్టేసి అప్పుడు తిరిగింది. అప్పుడు నవ్వింది.

ఆదివారం పొద్దున్న ముందు కోడలితో చెప్పాను. "నేను మానెయ్యడం లేదు."

ఆ పిల్ల ముఖం పాలిపోయింది. "అయితే నేను మానాలా అత్తయ్యా?"

తనకీ వెంటనే తోచింది అదే. మా ఇంట్లో ఆ పనికి ఉన్నవి రెండే పేర్లు. ఒకటి కొట్టేస్తే రెండోది.

"నువ్వూ వద్దు. వాడున్నాడుగా."

"ఎవరు?" అంది. వేళాకోళానికి కాదు, నిజంగానే అడిగింది. ఒక క్షణం ఆగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "నాకు తట్టనేలేదు అత్తయ్యా."

"నాకూ తట్టలేదు. ఎవరికీ తట్టకుండా పెంచింది నేనే కదా."

అబ్బాయి పదింటికి లేచాడు. చెప్తే, ముందు నవ్వాడు. మేం నవ్వకపోయేసరికి ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు.

"నేనా? నాకేం వచ్చు?"

"ఇంజను విప్పడం పుట్టగానే వచ్చిందా?"

"అది వేరమ్మా. ఇది ఆడవాళ్ళ..." అని భార్య వైపు చూసి ఆగిపోయాడు.

"ఆపావేం? పూర్తిచెయ్యి" అంది కోడలు.

"అది కాదు. పదకొండింటికి వస్తాను, నిద్రుండొద్దా?"

"ఐదింటిదాకా పడుకో. తొమ్మిదింటికి పాప మళ్ళీ పడుకుంటుంది, దాంతో పాటు ఇంకో రెండు గంటలు. నువ్వు దానంత ఉన్నప్పుడు వరసగా నాలుగు గంటలు పడుకున్నట్టు నాకైతే గుర్తులేదు."

"డిపోలో తెలిస్తే నవ్వుతారే!"

"మూడేళ్ళుగా బస్సులో నా పక్కన కూర్చున్నవాళ్ళు ముక్కు మూసుకుంటున్నారు. నా ముక్కు ఊడిందా? నవ్వనీ. నీ పళ్ళేం రాలవు."

"నువ్వు మానేస్తావనుకున్నానమ్మా" అన్నాడు, చిన్న గొంతుతో.

"అనుకున్నావు. అడగలేదు."

అప్పుడు మా తమ్ముడి సంగతి చెప్పాను. తనకి ఒక చిన్న మేనమామ ఉండేవాడని కూడా అబ్బాయికి తెలీదు. ఆ నీళ్ళ సంగతి, అమ్మ మీద పడ్డ నింద సంగతి, నేను రోజూ జాలీ దగ్గర ఏం ఆపుతానో, ఎవరికోసం ఆపుతానో, అంతా చెప్పాను. నా జీవితంలో వాడితో అంతసేపు, మధ్యలో ఏదీ వడ్డించకుండా మాట్లాడటం అదే మొదలు. కోడలు పాపను ఒళ్ళో వేసుకుని కదలకుండా వింది. "మురుగు పని అనండి, తప్పులేదు, మురుగే" అన్నాను ఇద్దరితో. "పనే కదా అని మాత్రం అనకండి."

మధ్యాహ్నమంతా శిక్షణ. గుడ్డ, పిన్నులు, పౌడరు డబ్బా, పాలసీసా, అన్నీ పాత పేపరు మీద పనిముట్లలా వరసగా పేర్చుకుని కూర్చున్నాడు. మొదటిసారి కట్టిన గుడ్డ పాప కాళ్ళాడించగానే మోకాళ్ళ దాకా జారింది. "ఇది ఏ కంపెనీ బండో, ఎక్కడా నట్టే లేదు" అన్నాడు. రెండోసారి కట్టింది నిలిచింది. మూడోసారి కట్టాక పాప వాడి చొక్కా తడిపింది. కోడలు సబ్బు తెచ్చి వాడి పక్కన పెట్టి లోపలికెళ్ళిపోయింది. వాడు ఆ సబ్బును కాసేపు చూసి, చొక్కా విప్పి బకెట్ దగ్గరికి నడిచాడు. నా చెయ్యి దానంతటదే ముందుకి రాబోయింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. రెండు రోజులుగా నేను చేసిన పనులన్నిటిలో కష్టమైంది అదే.

సోమవారం పొద్దున్న నేనూ కోడలూ చెప్పులు వేసుకుని మెట్లు దిగాం. వాడు పాపను భుజాన వేసుకుని గుమ్మం దాకా వచ్చాడు, జుట్టు రేగిపోయి, ఒక కన్ను ఇంకా తెరుచుకోకుండా. పాప వాడి చెవి పట్టుకుని లాగుతోంది. మేం వీధిలోకి వచ్చాక వెనకనుంచి పిలిచాడు. గొంతులో కాస్త కంగారు.

"అమ్మా, ఎప్పుడొస్తావు?"

పాతికేళ్ళు ఆ గుమ్మంలో నిలబడి వాళ్ళ నాన్నని నేను అడిగిన మాట అది. వీధిలో నిలబడి వినడం నాకు అదే మొదటిసారి.

"డ్యూటీ అయ్యాక" అన్నాను. బస్సు మలుపు తిరుగుతోంది. కోడలు నా చెయ్యి పట్టుకుంది, ఇద్దరం పరుగెత్తాం.